రూట్ కెనాల్ అయిన పన్నుకు ఏ క్యాపు, లేని పన్నుకు బ్రిడ్జా ఇంప్లాంటా?

మీ ప్రశ్న సారాంశం ఇది. నల్లగొండలో ఉంటున్న మీ అమ్మగారికి 54 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా మధుమేహం ఉంది. ఎడమవైపు కింది దవడలో మొదటి పెద్ద దవడ పన్నుకు మూడు నెలల క్రితం రూట్ కెనాల్ చేయించి, నొప్పి తగ్గింది కదా అని క్యాపు వేయించకుండా ఉండిపోయారు. కుడివైపు అదే పన్నును ఆరేళ్ల క్రితమే పీకించారు, ఆ ఖాళీ అలాగే ఉంది. ఒక డాక్టరుగారు అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి మూడు పళ్ల బ్రిడ్జి వేస్తామన్నారు, మరొకరు బ్రిడ్జి వద్దు, దవడ ఎముకలో టైటానియం మర దించి దాని మీద పన్ను నిలిపే ఇంప్లాంటే మేలన్నారు. క్యాపుకు లోహం మీద పింగాణీ పూసిన పీఎఫ్ఎం చాలునా, 15 ఏళ్ల వారంటీ ఉన్న జిర్కోనియాయే (తెల్లని గట్టి సిరామిక్) వేయించాలా అన్నది మీ మరో సందేహం. కృత్రిమ దంతాల విభాగంలో ఎండీఎస్ చేసి 22 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నవాడిగా, నోరు చూడకుండా చెప్పగలిగినంత వరకు చెబుతాను.

మీరు రాసినదంతా చదివాక నన్ను కలవరపెట్టింది క్యాపు రకం కాదు. కుడివైపు పన్ను లేదు కనుక ఆమె ఆరేళ్లుగా దాదాపు ఎడమవైపే నములుతూ ఉంటారు. ఆ ఎడమవైపు బరువంతా మోస్తున్న పన్నే ఇప్పుడు లోపల డొల్లగా, పైన తొడుగు లేకుండా ఉంది. బ్రిడ్జా ఇంప్లాంటా అన్నది తేలేదాకా రెండు పనులూ ఒకేసారి చేయిద్దామని ఆగి ఉంటే, దయచేసి అలా ఆగవద్దు. ఎడమ పన్ను సంగతి ముందు, వీలైతే ఈ వారంలోనే చూడాలి.

రూట్ కెనాల్ చేస్తే నరం పోయి పన్ను ఎండిపోతుందని, అందుకే పెళుసుగా మారి విరుగుతుందని చాలామంది అనుకుంటారు. పరీక్షించి చూసినప్పుడు ఆ పెళుసుదనంలో తేడా చాలా తక్కువని తేలింది. పన్ను విరగడానికి అసలు కారణం అందులో మిగిలిన పదార్థం తక్కువ కావడమే. పుచ్చు కొంత తినేసింది, వేళ్ల దాకా దారి కోసం మేము నడినెత్తిన కొంత తవ్వాము, పక్క పళ్లకు ఆనుకొని ఉండే రెండు గట్లలో ఒకటో రెండో పోయాయి. ఇక మిగిలినవి ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా నిలబడిన గోడలు. దూలాలు తీసేసిన మట్టిమిద్దె ఎలా ఉంటుందో ఆ పన్ను అలా ఉంటుంది. గట్టిది ఏదైనా గోడల మధ్య పడితే అవి బయటికి విచ్చుకుంటాయి. క్యాపు చేసే పని ఆ గోడలను అన్నివైపుల నుంచీ పట్టి ఉంచడమే. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రూట్ కెనాల్ తర్వాత క్యాపు వేయని పళ్లు, వేసిన పళ్లకంటే ఆరు రెట్లు ఎక్కువగా పోయాయి. అది పాత రికార్డులను వెనక్కి తిరగేసి చేసిన అధ్యయనం కాబట్టి ఆ అంకెను అక్షరాలా పట్టుకోనక్కరలేదు కానీ, నా కుర్చీలో నేను చూస్తున్నది కూడా ఆ దిశగానే ఉంది. ముందు పళ్ల సంగతి వేరు. వాటి మీద అంత బరువు పడదు, ఎక్కువ భాగం మిగిలి ఉంటే మంచి ఫిల్లింగ్‌తోనే సరిపోవచ్చు. దవడ పన్నుకు ఆ వెసులుబాటు తక్కువ.

సంక్రాంతి దాటిన వారం మా క్లినిక్కులో ఏటా విరిగిన పళ్లు కనిపిస్తాయి. సకినాలు, జంతికలు, చెక్కలు ఆ వారం ఎక్కువ తింటారు కదా. ఒకసారి ఒక స్కూలు టీచరుగారు వచ్చారు. రూట్ కెనాల్ అయి ఏడు నెలలైంది, క్యాపు లేదు, సకినం కొరికినప్పుడు టప్పుమని శబ్దం వచ్చిందట. అద్దంలో చూస్తే పన్ను నిండుగానే ఉంది. నాలుకవైపు గోడను పరికరం కొనతో మెల్లగా నెట్టగానే ఆ గోడ మొత్తం తలుపులా కదిలింది, పగులులోంచి రక్తం ఊరింది. చీలిక చిగురు కిందికి, ఎముక అంచు దాటి దిగిపోయింది. దానికి ఏ క్యాపూ పట్టదు, తీసేయవలసి వచ్చింది. “నొప్పి లేదు కదా అని ఆగాను డాక్టరుగారూ” అన్నారావిడ. లోపలి నరం తీసేశాక ఆ పన్ను చాలాసార్లు నొప్పితో హెచ్చరించదు. మీ అమ్మగారు కూడా ఆ మాటే అనుకొని ఆగారు కనుక ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇప్పుడు ఎడమ పన్ను గురించి మీ డాక్టరుగారిని మొదట అడగవలసినది ఏ క్యాపు అని కాదు. చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది అని. ఊళ్లలో రోకలి చివర ఇనుప పొన్ను బిగిస్తారు, అది కర్ర చుట్టూ పట్టి ఉంటేనే కర్ర చీలదు. క్యాపు అంచు కూడా అలాగే, ఫిల్లింగ్ మీద కాక, చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల ఎత్తున అసలు పన్నును పట్టుకొని ఉండాలి. ఆ 2 మిల్లీమీటర్లు ఉన్న పన్ను మీద సాదా లోహపు క్యాపు వేసినా ఏళ్ల తరబడి నిలబడుతుంది. అది లేని పన్ను మీద ఎంత ఖరీదైన జిర్కోనియా వేసినా, ఒకరోజు లోపలి ఫిల్లింగ్‌తో సహా ఊడి చేతిలోకి వస్తుంది, లేదా వేరు చీలుతుంది. పన్ను తక్కువగా మిగిలినప్పుడు వేరులోకి పోస్టు అనే సన్నని కడ్డీ దించి దాని మీద ఫిల్లింగ్ కడతారు. అయితే పోస్టు ఆ ఫిల్లింగ్‌ను నిలబెడుతుందే తప్ప పన్నుకు బలం ఇవ్వదు. పోస్టు వేశాం కాబట్టి గట్టిపడింది అని ఎవరైనా అంటే ఆ మాట ఒప్పుకోకండి. చిగురును, కొద్దిగా ఎముకను సవరించి పన్ను ఎత్తును బయటికి తెచ్చే చిన్న శస్త్రచికిత్స కొన్నిసార్లు సాయపడుతుంది. అదీ కుదరకపోతే, ఆ పన్ను మీద క్యాపు డబ్బు పెట్టకుండా ఉండటమే నిజాయితీ గల సలహా.

క్యాపు రకాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే కరపత్రాల్లో దీనికి ఇచ్చినంత ప్రాధాన్యం దీనికి లేదు. పూర్తి లోహపు క్యాపుకు పన్నును అన్నిటికంటే తక్కువ అరగదీస్తే చాలు, వెనుక పళ్లకు అది చాలా నమ్మకమైనది, కాకపోతే చవక క్యాపుల్లో నికెల్ ఉంటుంది కనుక, గిల్టు నగలు పెడితే చెవులు దురద పెట్టేవారు ముందే చెప్పాలి. పీఎఫ్ఎం అంటే లోపల పలుచని లోహపు తొడుగు, దాని మీద కాల్చిన పింగాణీ. పింగాణీ పొర పెచ్చులూడటం, చిగురు కాస్త దిగాక అంచున నల్లని గీత కనిపించడం దాని బలహీనతలు. రెండు పొరలకూ చోటు కావాలి కాబట్టి నమిలే వైపు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు తగ్గించాలి. జిర్కోనియాను కంప్యూటర్ గీసిన ఆకారం ప్రకారం సుద్దలాంటి మెత్తని దిమ్మ నుంచి దాదాపు 20 నుంచి 25 శాతం పెద్దదిగా చెక్కి, సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో కాలుస్తారు, కాలుతూ అది సరైన కొలతకు కుంచించుకుపోతుంది. వెనుక పళ్లకు పూర్తిగా జిర్కోనియాతోనే చేసిన క్యాపును నేనూ ఎక్కువగానే వాడుతున్నాను. అయితే జిర్కోనియా అన్నది ఒకే సరుకు కాదు: బాగా గట్టిగా ఉండేది కొంచెం మసకగా ఉంటుంది, అందంగా మెరిసేది బలంలో చాలా తగ్గుతుంది. దవడ పన్నుకు మొదటి రకమే కావాలి. బిగించాక ఎత్తు తగ్గించడానికి గీకి, మళ్లీ నునుపు చేయకుండా వదిలేస్తే మాత్రం అది పైపన్నును ఆకురాయిలా అరగదీస్తుంది. నునుపుగా ఉన్న జిర్కోనియాతో ఆ భయం లేదు.

వారంటీ కార్డు ల్యాబ్ ఇస్తుంది, అది క్యాపు పగలడానికి మాత్రమే వర్తిస్తుంది. కానీ క్యాపు వేసిన పళ్లు పోయేది ఎక్కువగా క్యాపు పగిలి కాదు; అంచు కింద పుచ్చు పట్టడం వల్ల, చిగురు జబ్బు వల్ల, వేరు చీలడం వల్ల. వాటిలో ఒక్కటీ ఆ కార్డులోకి రాదు. కార్డును దాచుకోండి, దాన్ని బట్టి నిర్ణయం మాత్రం తీసుకోకండి.

నల్లగొండ అన్నారు కాబట్టి రంగు గురించి ఒక మాట. ఆ జిల్లాలోనూ ప్రకాశం జిల్లాలోనూ భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ కారణంగా, చిన్నప్పుడు ఆ నీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీద గోధుమరంగు మరకలు, సుద్దలాంటి తెల్లని చారలు ఉంటాయి. అలాంటి నోట్లో రంగుల పట్టీలోని తెల్లని నమూనా ఎంచుకుంటే క్యాపు ఒక్కటే పెట్టుడు పన్నులా బయటపడుతుంది. పక్క పన్ను మరకను కూడా ఫొటోతో ల్యాబ్‌కు పంపితే టెక్నీషియన్ ఆ చారలను క్యాపు మీద దిద్దగలడు. కింది దవడ పన్నుకు ఇది పెద్ద విషయం కాదు, కుడివైపు బ్రిడ్జి వేయిస్తే చిన్న దవడ పన్ను నవ్వినప్పుడు కనబడుతుంది కాబట్టి చెప్పాను. రంగు చూడటం పన్ను అరగదీయడానికి ముందే, పగటి వెలుతురులో జరగాలి, ఎందుకంటే నోరు తెరిచి ఉంచిన కొద్దీ పళ్లు ఆరి, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి. అలాగే, గట్టిగా ఉన్న పళ్లకు మరకలున్నాయన్న కారణంతో వరుసగా క్యాపులు వేయించుకోవద్దని మీ బంధువుల్లోని యువతకు చెప్పండి. మరకలకు వేరే చికిత్సలున్నాయి.

ఇక కుడివైపు. మూడు పళ్ల బ్రిడ్జి అంటే లేని పన్ను ఒక్కటి, దానికోసం అరగదీసే పళ్లు రెండు: ముందున్న చిన్న దవడ పన్ను, వెనుకనున్న రెండో పెద్ద దవడ పన్ను. బిల్లు కూడా మూడు క్యాపులకు పడుతుంది. పూర్తి క్యాపు కోసం తయారు చేసినప్పుడు చిగురు పైన కనిపించే పన్నులో మూడింట రెండు వంతుల దాకా పోతుందని కొలిచి చూసిన పరిశోధనలున్నాయి. అంత అరిగినప్పుడు లోపలి నరం తట్టుకోలేకపోవచ్చు. బాగానే ఉన్న పళ్లకు బ్రిడ్జి కట్టిన పదేళ్లలో దాదాపు పదింట ఒక పన్ను నరం చచ్చిపోతుంది, అప్పుడు క్యాపుకు రంధ్రం చేసి రూట్ కెనాల్ చేయాలి. మరోవైపు, సరిగా కట్టిన బ్రిడ్జిల్లో పదేళ్ల తర్వాత కూడా 90 శాతం దాకా నోట్లో పనిచేస్తూనే ఉంటాయి. బ్రిడ్జి పాతకాలపు పద్ధతి అని కొట్టిపారేసే ఇంప్లాంట్ ఉత్సాహంతో నేను ఏకీభవించను.

ఆరేళ్ల ఖాళీ అన్నారు కదా, అక్కడ జరిగి ఉండే మార్పులు అసలు చిక్కు. వెనుక పన్ను ఖాళీలోకి ఒరిగి ఉంటుంది, పైదవడ పన్ను ఎదురు లేక కిందికి దిగి ఉంటుంది. బ్రిడ్జి పైనుంచి ఒకే దారిలో రెండు పళ్ల మీదికి దిగాలి కాబట్టి, వెనుక పన్ను బాగా ఒరిగితే రెండింటి దిశలు కలవవు. కలపడానికి ఒకవైపు మరీ ఎక్కువ అరగదీయాలి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏట ఒక రైతుకు సరిగ్గా ఇలాంటి ఒరిగిన పన్ను మీదే బ్రిడ్జి కట్టాను. మూడు నాలుగు నెలలు పళ్లకు క్లిప్పులు వేసి పన్నును నిలబెట్టి అప్పుడు కడదామని చెప్పి ఉండవలసింది. ఆయన ఊరు దూరమని తొందరపడ్డాను. నాలుగేళ్లకు వచ్చి నోరు చెడ్డ వాసన వస్తోందన్నారు. బ్రిడ్జి గట్టిగానే ఉన్నట్టు అనిపించింది. వెనుక చివరను పైకీ కిందికీ నొక్కి చూస్తే క్యాపు అంచున ఉమ్మి బుడగలు బుడగలుగా వచ్చింది. ముందు పన్ను పట్టుకొని ఉంది, వెనుక సిమెంటు ఎప్పుడో విడిపోయింది, నమిలిన ప్రతిసారీ లోపలికి ఉమ్మి, తిండి చేరి పన్ను నల్లగా మెత్తబడింది. రెండువైపులా ఊడితే బ్రిడ్జి చేతిలోకి వస్తుంది, మనిషి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఒకవైపే ఊడితే ఏ సూచనా ఉండదు. బ్రిడ్జి ఉన్నవారు ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకోవాలని నేను పట్టుబట్టేది ఆ రైతు పన్ను పోయినప్పటి నుంచే.

మీ అమ్మగారికి లేనిది ఒక్క పన్నే కావడం మంచిది. బ్రిడ్జి మధ్యలో వేలాడే భాగం పొడవు పెరిగితే వంగడం ఆ పొడవుకు ఘనం లెక్కన పెరుగుతుంది: ఒక పన్ను స్థానంలో రెండైతే ఎనిమిది రెట్లు, మూడైతే 27 రెట్లు. నాలుగైదు పళ్లు లేనిచోట రెండే పళ్ల ఆసరాతో పొడవైన బ్రిడ్జి వేస్తామని ఎవరైనా అంటే అందుకే సందేహించాలి.

ఇంప్లాంట్ వల్ల పక్క పళ్లను ముట్టుకోనక్కరలేదు, అది దాని గొప్పతనం. టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని గుర్తించిన స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ మొదటి రోగికి దాన్ని అమర్చింది 1965లో కాబట్టి ఇది ప్రయోగదశలో ఉన్నదేమీ కాదు. కానీ అక్కడ ఎముక ఉండాలి. పన్ను తీశాక మొదటి ఏడాదిలోనే ఎముక వెడల్పు దాదాపు సగానికి తగ్గుతుంది, మీ అమ్మగారికి ఆరేళ్లయింది. కింది దవడలో నరం పోయే గొట్టానికి 2 మిల్లీమీటర్ల పైన ఆగాలి, అందుకని సీబీసీటీ అనే త్రీడీ ఎక్స్‌రే స్కాన్ చూడకుండా ఇంప్లాంట్ ఒక్కటే మార్గమని చెప్పడం తొందరపాటు. మధుమేహం ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ వద్దని కాదు, అదుపులో లేని మధుమేహంతో వద్దు. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర తెలిపే రక్తపరీక్ష) 8 దాటి ఉంటే నేను కత్తి పట్టను, ముందు మీ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి రమ్మంటాను. చక్కెర అదుపు తప్పితే చిగుళ్లు కూడా దెబ్బతింటాయి, అప్పుడు బ్రిడ్జి మోసే పళ్లకూ అదే ప్రమాదం.

మీ రెండు అభిప్రాయాల మధ్య నేనెటు అంటే, కుడివైపు ఆ రెండు పళ్లను చూడకుండా చెప్పలేను కానీ, దేన్ని బట్టి తేలుస్తానో చెప్పగలను. అవి రెండూ పుచ్చు లేకుండా గట్టిగా ఉండి, ఎముక చాలినంత ఉండి, చక్కెర అదుపులో ఉంటే ఇంప్లాంట్. ఒకదానికో రెండింటికో ఇప్పటికే పెద్ద ఫిల్లింగ్ ఉండి, ఎలాగూ క్యాపు పడేదే అయితే బ్రిడ్జి, అప్పుడు మంచి పన్నును పాడుచేశామన్న బాధ ఉండదు. వెనుక పన్ను కదులుతూ ఉంటే రెండిటిలో ఏదీ తొందరగా వద్దు, ముందు చిగుళ్లకు చికిత్స. ఖర్చు అడ్డమైతే తీసి పెట్టుకునే పన్ను చేయించి కొన్ని నెలలు గడపడంలో నామోషీ ఏమీ లేదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపల్లోనూ ఉన్న ప్రభుత్వ దంత కళాశాలల్లో పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో క్యాపులు, బ్రిడ్జిలు కడతారు. తిరగవలసిన రోజులు ఎక్కువ, ఖర్చు బాగా తక్కువ, పని మీద పరిశీలన చాలా ప్రైవేటు క్లినిక్కులకంటే ఎక్కువే.

కుర్చీలో కూర్చున్నప్పుడు రెండు విషయాలు గట్టిగా అడగండి. క్యాపు శాశ్వతంగా అతికించే ముందు పక్క పన్నుకూ దానికీ మధ్య ఫ్లాస్ దారం పెట్టి చూడమనండి: అది కొంచెం బిగువుగా దిగి, చిరగకుండా బయటికి రావాలి. వదులుగా ఉంటే అన్నం మెతుకులు, కందిపప్పు పొట్టు అక్కడే ఇరుక్కుంటాయి, ఆ తర్వాత గుండుసూదులూ అగ్గిపుల్లలూ మొదలవుతాయి. రెండోది, ఎత్తు. కొత్త క్యాపు ఎత్తుగా తగులుతుంటే రెండు రోజుల్లో అలవాటవుతుందన్న మాట ఒప్పుకోకండి. రంగు కాగితం కొరికించి సరిచేయడానికి పట్టేది ఐదు నిమిషాలు, చేయకపోతే నమిలినప్పుడల్లా నొప్పి. మత్తు ఇంజక్షన్ ప్రభావంలో ఉన్నప్పుడు ఎత్తు తెలియదు కనుక, మత్తు వదిలాక తేడా అనిపిస్తే మర్నాడే వెళ్లాలి.

బ్రిడ్జి వేయిస్తే మధ్య పన్ను కింద రోజూ శుభ్రం చేయాలి. ఒక కొన గట్టిగా, మధ్యలో దూదిలా ఉబ్బి ఉండే ప్రత్యేకమైన ఫ్లాస్ మందుల షాపుల్లో దొరుకుతుంది. గట్టి కొనను బ్రిడ్జి కింద దూర్చి, ఉబ్బిన భాగాన్ని అటూ ఇటూ లాగాలి. బ్రిడ్జి ఇచ్చే రోజే డాక్టరుగారు అద్దం పట్టి ఆమె చేతే చేయించి చూడాలి. బొగ్గు, గరుకు పళ్లపొడి మానేయాలి, క్యాపుకు ఏమీ కాదు కానీ దాని అంచు కింద బయటపడిన వేరు కోసుకుపోతుంది. వక్క నమిలే అలవాటుంటే అదీ తగ్గించాలి.

ప్రస్తుతానికి, ఎడమ పన్నుకు క్యాపు పడేదాకా సకినాలు, వేయించిన శనగలు, మాంసం ఎముకలు ఆ వైపు పెట్టుకోవద్దని ఆమెకు చెప్పండి. క్యాపు కొలతలు తీసుకునే ముందు రూట్ కెనాల్ తర్వాతి ఎక్స్‌రే, లోపలి ఫిల్లింగ్ మూడు నెలల్లో ఎక్కడైనా కారిందా అన్నది చూడమనండి, తాత్కాలిక సిమెంటుతోనే వదిలేసి ఉంటే బహుశా రూట్ కెనాల్ మళ్లీ చేయవలసి రావచ్చు. ఆ క్యాపు పడ్డాక కుడివైపు సంగతి తేల్చడానికి మీకు మూడు నాలుగు నెలల వ్యవధి ఉంటుంది, ఆలోగా హెచ్‌బీఏ1సీ రిపోర్టు, సీబీసీటీ రెండూ తీయించి ఉంచండి.